బందరు నోబుల్ బడి: కులానికి ఇచ్చిన రాయితీ ఏం సాధించింది?

బందరు నోబుల్ కాలేజీ గురించి ఎవరు రాసినా మూడు మాటలు తప్పకుండా వస్తాయి. 1843లో పుట్టింది, తెలుగు నేలమీద ఇంగ్లీషు చదువుకు దారి వేసింది, పట్టాభి సీతారామయ్యనూ ముట్నూరి కృష్ణారావునూ ఇచ్చింది. మూడూ నిజమే. కాకపోతే ఆ బడిలో సీటు ఎవరికి ఉండేది, ఎవరికి ఉండేది కాదు అన్న నాలుగో మాట మాత్రం ఎక్కడో ఒక మూల వాక్యంగా మిగిలిపోతుంది. అదీ లేకుండా ముగించే వ్యాసాలే ఎక్కువ. నాకైతే ఆ బడి చరిత్ర అంతా ఆ మూల వాక్యం చుట్టూనే తిరుగుతుందనిపిస్తుంది. స్థాపకుడు రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ పైకులాల పిల్లలను పోగొట్టుకోకూడదని కులానికి ఒక రాయితీ ఇచ్చాడు. ఆ రాయితీకి బదులుగా ఆయన ఆశించింది దక్కలేదు. దక్కింది ఆయన అడగనిది.

మొదలు ఇలా. బందరు, గుంటూరు ప్రాంతాల్లో కొలువు చేస్తున్న కొందరు ఇంగ్లీషు అధికారులు తెలుగువాళ్ల కోసం ఒక మిషను పెట్టించాలని చందాలు పోగుచేశారు. ఆంగ్లికన్ చర్చికి చెందిన చర్చ్ మిషనరీ సొసైటీ, అంటే మన పెద్దవాళ్లు సి.ఎం.ఎస్. అనేది, 1841లో ఇద్దరిని పంపింది. ఒకరు నోబుల్: 1809లో పుట్టినవాడు, కేంబ్రిడ్జిలో సిడ్నీ ససెక్స్ కాలేజీ. రెండోవాడు హెన్రీ వాట్సన్ ఫాక్స్: 1817లో పుట్టినవాడు, రగ్బీ బడిలో థామస్ ఆర్నాల్డ్ హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో వాడమ్ కాలేజీ నుంచి వచ్చినవాడు. ఇద్దరూ పని పంచుకున్నారు. ఊళ్లూ తిరనాళ్లూ తిరిగి బోధించడం ఫాక్స్ వంతు, బడి నోబుల్ వంతు. ఫాక్స్‌కు ఇక్కడి వాతావరణం పడలేదు. 1848లో ఇంగ్లండు చేరి అదే ఏడాది అక్టోబరులో చనిపోయాడు. నోబుల్ పెళ్లి చేసుకోలేదు, వచ్చాక ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లలేదు. రెండేళ్లు తెలుగు నేర్చుకుని 1843లో బడి తెరిచాడు.

ఆయన లెక్క దాచిపెట్టిందేమీ కాదు. ఊరికి పెద్దలైన కుటుంబాల కుర్రాళ్లకు ఇంగ్లీషు చెప్పాలి, రోజూ బైబిలు పాఠం ఉండాలి, వాళ్లలో కొందరైనా క్రైస్తవులైతే వాళ్ల వెనక మిగతా సమాజం నడుస్తుంది. 1830లో కలకత్తాలో స్కాట్లండు మిషనరీ అలెగ్జాండర్ డఫ్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. పైనుంచి పోసిన నీళ్లు కిందికి పారతాయన్న నమ్మకం. బందరులో ఈ లెక్కకు అనుకూలమైన పరిస్థితే ఉంది. కలెక్టరు కచేరీ, కోర్టు, రేవు, వ్యాపారం ఉన్న ఊరు. 1844 అక్టోబరులో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రభుత్వోద్యోగాల్లో ఇంగ్లీషు చదివినవాళ్లకు ముందుపీట అని తీర్మానించాడు. అది బెంగాలుకు చేసిన తీర్మానమే అయినా గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి చాలు. కచేరీలో గుమాస్తా కొడుకును శిరస్తాదారుగా చూడాలనుకునే తండ్రికి, బైబిలు ఒక గంట భరించడం పెద్ద ధరగా కనిపించి ఉండదు.

ఇక గుమ్మం దగ్గరికి వద్దాం. బ్రాహ్మణులు, వెలమలు, కోమట్లు, ఇతర సవర్ణ హిందువులు, ముసల్మానులు రావచ్చు. మాల మాదిగ పిల్లలకు చోటు లేదు. నోబుల్ దీన్ని సిగ్గుపడుతూ కాదు, వాదించి మరీ సమర్థించుకున్నాడు. ఇంగ్లండులో ధర్మపరులైన పెద్దింటివాళ్లు తమ బిడ్డలను గుర్రాలవాడి బిడ్డల పక్కన, వంటమనిషి బిడ్డల పక్కన కూర్చోబెట్టి చదివిస్తారా? మనం మనవాళ్లను అడగనిది బ్రాహ్మణుణ్ణి ఎలా అడుగుతాం? ఇదీ ఆయన వాదన సారం. గమనించండి, కులం మంచిదని ఆయన ఎక్కడా అనలేదు. బాప్తిస్మం తీసుకున్న కుర్రాడు కులం వదలాల్సిందే, నోబుల్ బల్లమీద అందరితో కలిసి తినాల్సిందే. అంటే బడి గుమ్మం దగ్గర ఒక సూత్రం, చర్చి గుమ్మం దగ్గర మరో సూత్రం. ఇంగ్లండు వర్గభేదాన్ని ఇక్కడి అంటరానితనంతో సమానం చేసి చూడటంలోనే ఆ వాదన కుంటుతుంది. అక్కడ గుర్రాలవాడి కొడుకు పక్కన కూర్చుంటే పెద్దింటి పిల్లవాడికి నామోషీ కావచ్చు, మైల మాత్రం అంటదు.

ఇక్కడ ఎప్పుడూ వినిపించే సమాధానం ఒకటి: ఆ కాలం అంతే, 1843లో ఇంకోలా సాధ్యమా? సాధ్యమే. రెండు రుజువులున్నాయి, రెండూ నోబుల్ రాకముందువే. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దక్షిణాది చర్చిలకు ఒక ఆజ్ఞ రాశాడు. చర్చిలో కులభేదాన్ని నిర్ద్వంద్వంగా, తక్షణమే, శాశ్వతంగా వదిలెయ్యాలని అందులో ఉంది. తంజావూరు, మద్రాసు వేపేరి క్రైస్తవుల్లో దానిమీద పెద్ద గొడవే జరిగింది. ఆ ఆజ్ఞ చర్చి సభ్యులకు, బడిపిల్లలకు కాదు అని ఎవరైనా అనొచ్చు. సరే. 1838లో మద్రాసులో స్కాట్లండు మిషను బడి నడుపుతున్న జాన్ ఆండర్సన్ దగ్గర అంటరానివాళ్లుగా చూసే పరయ కులపు పిల్లలు చేరారు. సంగతి తెలిసి పైకులాల తండ్రులు వాళ్లను తీసెయ్యమన్నారు. ఆండర్సన్ ఒప్పుకోలేదు. పిల్లలు పోయారు, బడి చిక్కిపోయింది, మళ్లీ నిండింది. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీగా పెరిగింది ఆ బడే. బందరు బడికి అయిదేళ్ల ముందు, అదే మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన ముచ్చట ఇది. నోబుల్ చెవిన పడకుండా ఉండే అవకాశం లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మద్రాసూ బందరూ ఒకటి కావు. మహానగరంలో నలభై మంది పోతే మరో పేట నుంచి నలభై మంది వస్తారు. బందరులో ఇంగ్లీషు చదువు కావాలనుకునే కుటుంబాలు ఒకరికొకరు తెలిసినవాళ్లు, చుట్టాలు, ఒకే పురోహితుడి కింద ఉన్నవాళ్లు. ఒక ఇల్లు వెనక్కి తగ్గితే మిగతా ఇళ్లూ తగ్గుతాయి. చిన్న ఊళ్లో బడి నడిపే మనిషికి ఈ భయం నిజమైనదే. నోబుల్ భయపడ్డాడని నేను తప్పుపట్టను. కానీ ఆ భయం ఏ సంఘటన గురించో అది రాయితీ ఇచ్చినా జరిగింది. 1852 సంగతి అదే.

ఆ ఏడాది ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం అడిగారు. మంచాల రత్నం బ్రాహ్మణ కుర్రాడు, అయినాల భూషణం వెలమ కుర్రాడు. నోబుల్ వాళ్లను తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఊరు అట్టుడికింది, బడి ఖాళీ అయింది. ఎందుకంత భయం అన్నది అర్థం కావాలంటే అప్పటి ఇంటి లెక్క చూడాలి. కొడుకు క్రైస్తవుడైతే పంక్తిభోజనం పోతుంది, తోబుట్టువులకు సంబంధాలు రావు, తద్దినం పెట్టేవాడు ఉండడు. పైగా అంతకు రెండేళ్ల ముందే, 1850లో, మతం మారినవాడికి ఆస్తి హక్కు పోదని ఇరవై ఒకటో చట్టం వచ్చింది. అంతవరకూ తండ్రి చేతిలో ఉన్న చివరి ఆయుధం ఆస్తి. చట్టం దాన్ని లాగేసుకుంది. ఇక మిగిలింది కోర్టు. అక్కడ చూసేది ఒక్కటే: కుర్రాడు తన సంగతి తాను తేల్చుకోగల వయసుకు వచ్చాడా, తనంతట తాను వచ్చాడా. ఆ వయసు దాటితే తండ్రి చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే తండ్రులకు తెలిసిన ఒకే ఒక జాగ్రత్త, పిల్లవాణ్ణి బడికే పంపకపోవడం. చిన్నప్పుడే పెళ్లయిపోయిన కుర్రాడైతే ముడి ఇంకా బిగుసుకుంటుంది. భార్యను పుట్టింటివాళ్లు పంపరు, విడిపోదామన్నా దారి లేదు. ఆ దారి చూపిన చట్టం 1866లో గానీ రాలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. మాల పిల్లవాణ్ణి చేర్చుకుంటే బడి ఖాళీ అవుతుందని నోబుల్ అతణ్ణి చేర్చుకోలేదు. తాను బడి పెట్టిన లక్ష్యం నెరవేరిన రోజే బడి ఖాళీ అయింది. అంటే ఈ బడిలో విజయానికీ పతనానికీ ఒకటే తేదీ. కులాన్ని గౌరవించి ఆయన సంపాదించిన శాంతి, బాప్తిస్మం జరగనంతవరకే చెల్లే శాంతి. పిల్లలు మెల్లగా తిరిగొచ్చారు, ఎందుకంటే ఊళ్లో ఆ స్థాయి ఇంగ్లీషు ఇంకెక్కడా దొరకదు. ఇదే కారణం ఆండర్సన్ బడినీ నింపింది. పైకులాలను వెనక్కి రప్పించింది కులానికి దక్కిన మర్యాద కాదు, చదువుకు ఉన్న విలువ. ఈ ఒక్క సంగతి 1853 నాటికి నోబుల్ కళ్లముందే ఉంది. అయినా గుమ్మం మారలేదు.

రత్నం, భూషణం ఆ బడిలోనే ఉపాధ్యాయులై తర్వాత చర్చి గురువులుగా అభిషేకం పొందారు. ముస్లిం విద్యార్థి జానీ అలీ కథ ఇంకా దూరం వెళ్లింది. నోబుల్ దగ్గర క్రైస్తవుడై, కేంబ్రిడ్జిలో పట్టా తీసుకుని, సి.ఎం.ఎస్. మిషనరీగానే తిరిగొచ్చాడు. ఒక్కొక్కరూ గట్టివాళ్లు. కానీ ఇరవై రెండేళ్ల బడి నుంచి అలా వచ్చినవాళ్లు కొద్దిమందే. వాళ్ల వెనక వాళ్ల కులం కదలలేదు.

దీనికి తోడు, బడి లోపల కాలు జారే చోటు ఇంకోటుంది. మిషను బడులమీద రాసేవాళ్లు దీన్ని తక్కువగా పట్టించుకుంటారు. 1854లో కంపెనీ ప్రభుత్వపు విద్యావిధానాన్ని చెప్పిన ఉడ్ పత్రం వచ్చి ప్రైవేటు బడులకు ప్రభుత్వ సహాయధనం మొదలైంది. షరతులు సూటిగా ఉంటాయి: ఎంతో కొంత ఫీజు పిల్లల దగ్గర వసూలు చేయాలి, ఇన్‌స్పెక్టరును రానివ్వాలి, ఆయన చూసేది లౌకిక పాఠాలనే. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం, దానితోపాటు మెట్రిక్యులేషను వచ్చాయి. అక్కడినుంచి ఏ బడి గొప్పదో చెప్పేది మెట్రిక్ ప్యాసుల సంఖ్య. బైబిలుకు మార్కుల్లేవు. తరగతి ఒకటే, మాస్టరు ఒకడే, గంటలు అన్నే. పరీక్షకొచ్చే ఇంగ్లీషు, లెక్కలు, చరిత్ర, భూగోళం వైపు బరువు దానంతటదే జరుగుతుంది. బైబిలు గంట చదువు కోసం కట్టే ఒక సుంకంలా మిగిలింది. పిల్లలు మర్యాదగా విన్నారు, బాగా చదువుకున్నారు, ఉద్యోగాలకు వెళ్లిపోయారు.

1859 మార్చి 20న జరిగింది వేరు. బెజవాడలో సి.ఎం.ఎస్. మిషనరీ డార్లింగ్ చేతుల మీదుగా రాఘవాపురం మాలపెద్ద పగోలు వెంకయ్య బాప్తిస్మం పొందాడు. ఎవరూ ఆయన కోసం ఇంగ్లీషు బడి పెట్టలేదు. ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు, వచ్చి తన బంధువులకు చెప్పాడు, ఊరినుంచి ఊరికి చుట్టరికాల మీదుగా అది పాకింది. కృష్ణా గోదావరి మండలాల్లో ఆంగ్లికన్ చర్చి నిలబడింది ఆ మాలపల్లెల మీద, తర్వాత మాదిగపల్లెల మీద. పైనుంచి కిందికి పారుతుందన్న నీరు పారలేదు. కింద ఊట వేరే ఉంది. ఇదంతా బందరుకు ఎక్కువ దూరంలో కూడా జరగలేదు, అదే జిల్లా, అదే సొసైటీ, అదే కమిటీకి రాసే ఉత్తరాలు.

ఫలితం వింతగా తయారైంది. చర్చి సభ్యుల్లో అత్యధికులు ఎవరి పిల్లలో, ఆ చర్చి నడిపే అత్యుత్తమ బడిలో వాళ్లకే చోటు లేదు. వాళ్లకు దొరికింది పల్లెబడి, పంతులు కూడా కొద్దిగా చదువుకున్నవాడే. తర్వాత బోర్డింగులు, ఉపాధ్యాయ శిక్షణ. మంచిబడి నుంచి మునసబులూ వకీళ్లూ వచ్చారు, పల్లెబడి నుంచి కేటకిస్టులు, అంటే పల్లెల్లో మతపాఠం చెప్పేవాళ్లు, వచ్చారు. ఒకే మిషను రెండు నిచ్చెనలు వేసింది, రెండింటి మెట్ల సంఖ్య సమానం కాదు. ఆ తేడా ఒక తరంతో పోయేది కాదని వేరే చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం మాత్రం ఎంతో ముందుందని కాదు. 1856లో ధార్వాడలో అంటరానివాళ్లుగా చూసే మహర్ కులపు కుర్రాడొకడు సర్కారు బడిలో చేరతానంటే అధికారులు వెనక్కి పంపారు. అయితే 1858లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సర్కారు డబ్బుతో నడిచే బడి అన్ని వర్గాలకూ తెరిచి ఉండాల్సిందేనని రాశారు. అమలు వేరే సంగతి, కాగితం మీదైనా సూత్రం నిలబడింది. ఈ విషయంలో మిషను బడి సర్కారు కాగితం కంటే వెనకబడి ఉండటం మింగుడుపడదు.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచేసింది. ముప్పై వేలమంది పోయారని లెక్క. మిషను నడిపే ఆడపిల్లల బోర్డింగులో పిల్లలు కూడా పోయారు. నోబుల్ ఆ తర్వాత ఏడాది తిరక్కుండా, 1865 అక్టోబరు 17న, బందరులోనే కన్నుమూశాడు. బడికి ఆయన పేరు వచ్చింది. ఫాక్స్ జ్ఞాపకంగా రగ్బీ బడి చందాతో ఒక ఉపాధ్యాయ పదవి నిలిపారు, దాన్ని రగ్బీ-ఫాక్స్ మాస్టరు అనేవారు. ఇంగ్లండు మధ్యలోని ఒక పబ్లిక్ స్కూలు పిల్లల చందా కృష్ణాతీరంలో ఒక మాస్టరు జీతమైంది. తమాషా ఏమిటంటే బందరు వాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ.

బడి కాలేజీగా ఎదిగాక వచ్చిన పంట నోబుల్ విత్తినది కాదు. రఘుపతి వెంకటరత్నం నాయుడు అక్కడ పాఠం చెప్పాడు. ఆయన క్రైస్తవుడు కాదు, బ్రహ్మసమాజి. పట్టాభి, ముట్నూరి, కోపల్లె హనుమంతరావు ఆయన ప్రభావంలో పెరిగిన కుర్రాళ్లు. వాళ్లలో ముట్నూరి కృష్ణాపత్రికను నడిపారు, పట్టాభి 1923లో బందరులోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు, ముగ్గురూ కలిసి మిషను చదువుకు, సర్కారు చదువుకు ప్రత్యామ్నాయంగా ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. తమను చదివించిన బడికి ఎదురుగా ఇంకో బడి! ఇక వెంకటరత్నం నాయుడు కాకినాడ వెళ్లి దళిత బాలబాలికలకు హాస్టళ్లు నడిపాడు. నోబుల్ గుమ్మం దగ్గర ఆపేసిన పిల్లలకు అన్నం పెట్టి చదివించింది ఆ కాలేజీలో పనిచేసిన ఒక బ్రహ్మసమాజి. ఇది బడి గొప్పతనమా, వైఫల్యమా అంటే నా ఓటు వైఫల్యానికే. బడి దీనికి చేసిన సాయం మంచి మాస్టర్లను మతం చూడకుండా పెట్టుకోవడం వరకే.

ఈ చరిత్రను సరిగా రాయాలనుకునేవాళ్లకు కొన్ని చేతిపని సంగతులు. ఉప్పెన తిన్న ఊళ్లో 1864కు ముందటి కాగితాలు స్థానికంగా వెతకడంతో మొదలుపెట్టకండి. సి.ఎం.ఎస్. పాత దస్త్రాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. బందరు ఉత్తరాలు దక్షిణ భారత మిషను కట్టల్లో ఉంటాయి, తెలుగు మిషను అని వెతికితే మొదట్లో దొరకవు. ఊరి పేరు మచిలీపట్నం, మసూలిపటం, బందర్ అని మూడు నాలుగు రకాలుగా, విజయవాడ బెజ్వాడాగా, ఏలూరు ఎల్లోరుగా వస్తాయి. మనుషుల పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలే ఉండదు. ఒకే మనిషిని ఇద్దరుగా లెక్కపెట్టే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

అచ్చయిన మిషను పత్రికల మీద మాత్రమే ఆధారపడకండి. అవి ఇంగ్లండులో చందా ఇచ్చేవాళ్ల కోసం కోసి కూర్చినవి, బాప్తిస్మాలు పేజీలకొద్దీ ఉంటాయి, కులం గురించిన తగాదా ఒక పేరా. చేతిరాత ఉత్తరంలో ఆ నిష్పత్తి వేరుగా ఉంటుంది. సంఖ్యలకు మద్రాసు విద్యాశాఖ వార్షిక నివేదికలు పట్టుకోండి, అయితే రిజిస్టరులో పేర్ల సంఖ్యనూ రోజువారీ సగటు హాజరునూ కలపకండి. బాప్తిస్మం జరిగిన ఏడాది పేర్ల సంఖ్య పెద్దగా తగ్గదు, ఎందుకంటే పేరు కొట్టేయడానికి కొన్ని నెలలు పడుతుంది. సగటు హాజరు మాత్రం కూలుతుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టనివాళ్లే బడి కుదుపు లేకుండా సాగిందని రాస్తారు. ఇంకో సంగతి, నివేదికల్లో హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు అన్న గడులుంటాయి. క్రైస్తవుల గడిలో ఉన్న పిల్లవాడు రత్నం లాంటి బ్రాహ్మణుడి కొడుకా, రాఘవాపురం మాలకుటుంబపు బిడ్డా అన్నది ఆ గడి చెప్పదు. దానికి అడ్మిషను రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు, వృత్తి చూడాలి, ఆ ఊరి చర్చి బాప్తిస్మపు పుస్తకంతో పోల్చాలి. పని నెమ్మదిగా సాగుతుంది, ఒక్కో పేరుకు రెండు పుస్తకాలు తిప్పాలి. పగోలు వెంకయ్య మనవడి తరం పిల్లవాడు ఒకడు నోబుల్ బడి బెంచీ మీద మొదటిసారి కూర్చున్న సంవత్సరం తేలేది ఆ పోలికలోనే. బడి చరిత్ర పుస్తకం వేసేవాళ్లు 1843 కంటే ముందు తేల్చుకోవలసిన సంవత్సరం అది.